హజ్రత్‌గారి ఏడో తరగతి

నాచారంలో ఒక్కో ఫ్యాక్టరీ లేస్తూ, ఉప్పల్ పోయే దారి పొడుగునా కంకర కుప్పలు తప్ప చెప్పుకోదగ్గవేవీ లేని ఆ రోజుల్లో నాకు ఇరవై ఏడేళ్లు. అన్నీ తెలుసుననే నమ్మకం కుదరడానికి అది చాలిన వయసు. పైగా ఉత్తరాదిన ఎనిమిదేళ్లు చదివి ఆలిమ్, అంటే మత పండితుడు, అనే పట్టా తెచ్చుకున్నవాణ్ణి. నాచారం చివరనున్న చిన్న మదరసాను నడిపిన ముసలి మౌలానా కాలం చేస్తే, కమిటీ పెద్దలు నన్ను పిలిచి ఆయన స్థానంలో కూర్చోబెట్టారు. నలభై మంది పిల్లలు, ఇద్దరు ఉస్తాదులు, ఒక వంటాయన, పైన రేకుల కప్పు. అందరూ నన్ను హజ్రత్ అనేవారు. ఆ మాట నాకు ఎంత తొందరగా అలవాటైందో తలుచుకుంటే ఇప్పుడు కొంచెం సిగ్గేస్తుంది. (నెల తిరక్కముందే, ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఇంకెవర్నో అనుకునేవాణ్ణి.)

మల్లాపూర్ వైపు ఫ్యాక్టరీల్లో హెల్పరుగా చేరాలన్నా ఏడో తరగతి పాసైన కాగితం అడుగుతున్నారని, కాబట్టి మన పెద్ద పిల్లలు పదిమందీ సర్కారు పరీక్ష ప్రైవేటుగా రాయాలని కమిటీ తీర్మానించింది. లెక్కలకు పిల్లలు భయపడలేదు. భయమంతా తెలుగుతోనే. వాళ్లు కీసర, ఘట్‌కేసర్ పక్క పల్లెల నుంచి వచ్చినవాళ్లు. తెలుగు నీళ్లలా మాట్లాడేవారు గానీ పలక మీద ఒక్క ఒత్తు పడేది కాదు. ఒక సాయంత్రం పదిమందీ నా ముందుకు వచ్చి నిలబడ్డారు. ముందున్నవాడికి నేను పెట్టిన పేరు సవాల్, అంటే ప్రశ్న. ఏం చెప్పినా తిరిగి ఒక ప్రశ్న వేయకుండా ఉండలేడు. (మా మాటలు ఉర్దూలో సాగాయి. ఇక్కడ వాళ్ల ఊరి తెలుగులో రాస్తున్నాను.)

"హజ్రత్, తెలుగు రాసుడు మాతోని కాదు. గా ఒత్తులు సూస్తెనే తల తిరుగుతది," అన్నాడు సవాల్.

పూర్వకాలపు విద్వాంసులు ప్రవక్త చెప్పిన ఒక్క హదీసు కోసం నెలల తరబడి ఎడారిలో నడిచి వెళ్లేవారని, మీరు యాభై ఆరు అక్షరాలకు జడుస్తున్నారని అరగంట ఉపన్యసించాను. వాడు శ్రద్ధగా విన్నాడు. విని, "మరి మీకొస్తదా హజ్రత్?" అన్నాడు.

నేను పాతబస్తీలో పుట్టి పెరిగినవాణ్ణి. నాకున్న తెలుగు 'ఎంత', 'వద్దు', 'జర జరుగు' దగ్గర ఆగిపోయింది. రాదు అని ఊరుకుంటే సరిపోయేది. "రాదు. మీతోపాటు నేనూ పరీక్ష రాస్తాను," అన్నాను. నాలుకను అదుపులో పెట్టుకోవడం గురించి అంతకు ముందటి శుక్రవారమే ప్రసంగించి ఉన్నాను.

మదరసా వెనక వీధిలో జనగామ వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం ఉండేది. ఆయన రైల్వేలో ఫైర్‌మన్, ఆమె ప్రైమరీ స్కూల్లో టీచరమ్మ. మా పిల్లలకు తెలుగు చెప్పడానికి అప్పటికే ఒప్పుకున్న ఆమె, నన్ను కూడా పిల్లల్లో కలుపుకోలేక, సాయంత్రపు అసర్ నమాజు తర్వాత వాళ్ల ఇంటి అరుగు మీద విడిగా పాఠం చెప్పింది. పక్కనే ఆమె అత్తగారు చాటలో బియ్యం ఏరుతూ కూర్చునేది. మొదటి రోజు నేను ఉర్దూ పుస్తకాల అలవాటున వాచకాన్ని వెనక అట్ట నుంచి తెరిచాను. టీచరమ్మ పుస్తకం అందుకుని తిప్పి ఇచ్చింది. ముసలమ్మకు అక్షరం రాదు. అయినా నా చదువులో సగం ఆమె చేతిలోనే ఉండేది.

నాకు 'ళ' పలికేది కాదు. ఒకరోజు, ఎక్కువగా చదివి కళ్లు మండుతున్నాయని చెప్పబోయి, "టీచరమ్మా, నా కల్లు మంచిగ లేదు," అన్నాను.

టీచరమ్మ వాచకం మొహానికి అడ్డం పెట్టుకుంది. ముసలమ్మ మాత్రం చాట దించి నిదానంగా చెప్పింది: "మంచి కల్లు గావాల్నంటె గౌండ్లాయన్ని అడగాలె సాబూ. మమ్ముల అడుగుతె ఎట్ల?"

జరిగిన పొరపాటు టీచరమ్మ వివరించాక నేను మూడుసార్లు అస్తగ్‌ఫిరుల్లా, దేవుడా క్షమించు, అనుకున్నాను. "గా కళ్లు మనకొద్దు. కండ్లు అను. నీకు నోరు తిరుగుతది, మాకు ఫికర్ ఉండది," అని ముసలమ్మ దారి చూపించింది. ఈ రోజుకూ నేను కండ్లు అనే అంటాను.

పరీక్ష ఉప్పల్‌లో, సర్కారు బడిలో. షేర్వానీ గుండీలన్నీ పెట్టుకుని, పదిమంది పిల్లలను ముందు నడిపించుకుంటూ వెళ్లాను. దారిలో ఒకాయనతో మాట్లాడటానికి ఆగినందువల్ల వాళ్లు ముందు గదిలోకి వెళ్లి కూర్చున్నారు. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే అలవాటు ప్రకారం పదిమందీ లేచి నిలబడ్డారు. వాళ్లను చూసి వేరే బళ్ల పిల్లలు లేచారు. అందర్నీ చూసి కాపలా ఉన్న కుర్ర మాస్టారు కూడా లేచి, తన కుర్చీ నా వైపు జరిపాడు.

"నమస్తే సార్. చెకింగుకు వచ్చిన్రా?"

నేను జేబులోంచి హాల్ టికెట్టు తీసి ఇచ్చాను. ఆయన దాన్ని చూశాడు, నా గడ్డం చూశాడు, మళ్లీ దాన్ని చూశాడు.

"మీరేనా?"

"నేనే."

"గట్లనా. మరి కూసోన్రి సార్," అని ఆయన కుర్చీ వెనక్కి తీసుకున్నాడు.

ఆ బెంచీ పన్నెండేళ్ల పిల్లల కోసం చేసింది. మోకాళ్లు ఎక్కడ పెట్టాలో తేలేసరికి పావుగంట పోయింది. ప్రశ్నాపత్రంలో వ్యతిరేక పదాలు అడిగారు. 'ఆస్తికుడు' అని ఉంది. ఆస్తి అనే మాట నాకు బాగా తెలుసు. వారసత్వపు తగాదాల్లో రోజూ వినేదే. ధైర్యంగా 'బీదవాడు' అని రాశాను. వెనక బెంచీ నుంచి సవాల్ రెండుసార్లు దగ్గి, "హజ్రత్, నాస్తికుడు," అని గొణిగాడు. కాపీ కొట్టడం హరామని వాళ్లకు బోధించినవాణ్ణి కదా, వెనక్కి తిరిగి ఉరిమి చూశాను. నా బీదవాణ్ణి అలాగే ఉంచాను. దేవుణ్ణి నమ్మేవాణ్ణి ఏమంటారో తెలియకుండానే మదరసా నడుపుతున్నానని సాయంత్రం టీచరమ్మ చెబితే గాని నాకు తెలియలేదు.

చివరి ప్రశ్న: జ్వరం వచ్చినందువల్ల రెండు రోజులు సెలవు ఇవ్వమని మీ ప్రధానోపాధ్యాయునికి లేఖ రాయండి. ఇది నాకు తెలిసిన విషయమే. అలాంటి చీటీలు నా దగ్గరికి వారానికి ఆరేడు వచ్చేవి. వాటిలో లొసుగు ఎక్కడుంటుందో తెలుసు కాబట్టి, ఏ లొసుగూ లేకుండా జ్వరం ఎప్పుడు మొదలైందో, ఏ దవాఖానాకు వెళ్లానో వివరంగా రాశాను. రాసినదాన్ని చదువుకుంటే నాకే జాలేసింది. చేతి అలవాటున కింద ఉర్దూలో 'మంజూర్' అని రాసి సంతకం పెట్టి, కాగితం ఇచ్చేసి బయటికి వచ్చాను.

మా మదరసా నుంచి పదకొండు మందిమి పరీక్ష రాశాం. పది మంది పాసయ్యారు.

నాకు తెలుగులో ముప్పై రెండు వచ్చాయి. పాసుకు మూడు తక్కువ. (నా సెలవు నేనే మంజూరు చేసుకున్నందుకు ఆ మూడూ తీసేశారని చాలాకాలం అనుకున్నాను.) ఆ మధ్యాహ్నం నా గదిలో కూర్చుని, ఈ పదవి నుంచి నన్ను వదిలేయమని కమిటీకి ఉత్తరం మొదలుపెట్టాను. రెండు వాక్యాలు రాశాక జుహర్ నమాజుకు అజాన్ వినిపించింది. నమాజు చేయించి, ఇక తప్పించుకోలేక తరగతికి వెళ్లాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. పదిమందీ చాపల మీద తలలు వంచుకుని కూర్చున్నారు, తప్పు తాము చేసినట్టు. పాసైనందుకు సంతోషించడానికి కూడా నా మొహం చూసి జంకుతున్నారు.

"నేను ఫెయిలయ్యాను," అన్నాను.

"మాకెరికే హజ్రత్," అన్నాడు సవాల్. "ఇంకోపారి రాయొచ్చంట. రోజు ఇంత డిక్టేషన్ జెప్త. రాస్తరా?"

ఆ ప్రశ్నకు నాకు కోపం రాలేదు. రాస్తానన్నాను. మొదలుపెట్టిన ఉత్తరం చింపేశాను. పాసైనందుకు ఆ రోజు అందరికీ మిఠాయి తెప్పించాను. ఆ తర్వాత కొన్ని నెలలపాటు పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక వాడు నా ముందు కూర్చుని మాటలు చెప్పేవాడు, నేను రాసేవాణ్ణి. "తొందరెందుకు హజ్రత్, మల్లొక్కసారి సూస్కోన్రి," అనేవాడు. గొంతు అచ్చంగా నాదే. నేను పిల్లలతో అలా మాట్లాడతానని అప్పుడే తెలిసింది. వినడానికి అంత బాగుండదు.

రెండోసారి పాసయ్యాను. మార్కుల కాగితం పట్టుకుని నేరుగా వెనక వీధికి వెళ్లాను. టీచరమ్మ ఇంకా బడి నుంచి రాలేదు. ముసలమ్మ ఒక్కతే అరుగు మీద ఉంది.

"పాసైన అమ్మా," అన్నాను.

"సల్లగుండు. ఎన్నొచ్చినయ్?"

"నలభై ఒకటి."

"ఎన్నిట్ల?"

"నూరుట్ల."

"మరి తక్కినయన్ని ఏమైనయ్ సాబూ?" అంది.

నికాహ్‌ల మీద, వారసత్వాల మీద, జకాత్ దానాల మీద ఎంతమంది ఎన్ని అడిగినా ఆ తర్వాత నలభై ఏళ్లు జవాబులు చెబుతూనే వచ్చాను. ఆ రోజు మాత్రం షేర్వానీ వేసుకున్న ఆ కుర్ర హజ్రత్, మార్కుల కాగితం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ నిలబడిపోయాడు. ఇప్పుడు అతన్ని తలుచుకుంటే, కాస్త ఆ అరుగు మీద కూర్చోవయ్యా, ఎవరూ ఏమీ అనుకోరు అని చెప్పాలనిపిస్తుంది.