కన్ను లేని డాల్ఫిన్

గద్వాలలో మా మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. పట్టు అంచు చీర నూలు ఒంటితో పోగు పోగునా కలవాలి కాబట్టి ఈ అంచు ఒకరు, ఆ అంచు ఒకరు చూసుకుంటారు. ఈ అంచున నేను. ఆ అంచున మా యారాలు జములమ్మ, అంటే మా ఆయన అన్న భార్య, నేను అక్కా అని పిలుస్తాను. పెళ్ళై వచ్చిన కొత్తలోనే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, చేయి తప్పితే పోగును అటూ ఇటూ మోసే నాడెతో వేళ్ళ మీద కొట్టి మరీ పని నేర్పింది. మనసులో ఎన్ని తిట్టుకున్నానో! ఊళ్ళో అలాంటి చేయి మరొకటి లేదని ఇప్పుడు ఎవరితోనైనా వాదిస్తాను.

2009 నాటికి అక్కకు చూపు మసకబారింది. దవాఖానలో చూపిస్తే కంటి నరం ఎండిపోతోంది, ఆపరేషన్‌తో అయ్యేది కాదన్నారు. ఆ సంగతి ఇంటి గడప దాటనివ్వలేదు. మగ్గం, నూలు, పట్టు అన్నీ మాకు పని ఇచ్చే షావుకారు బాలయ్యవి. ఆయనకు తెలిస్తే అక్కను దించి మరొకరిని కూర్చోబెడతాడు. మగ్గం దిగితే ఇక తనకు బతుకే లేదని అక్క దిగులు. నిజానికి పోగు తెగితే ఆమె చెవికే ముందు తెలిసేది. చప్పుడు మారిందని ఆపేసేది. రెండు కళ్ళూ పెట్టుకుని పక్కనే కూర్చున్న నాకు మాత్రం తెలిసేది కాదు, సిగ్గుచేటు.

ఆ చలికాలం కొత్త రకం చీర ఒకటి వచ్చింది. మాలతి అనే హైదరాబాదు ఆవిడ పాట్నాలో ఉండి గంగలోని డాల్ఫిన్లను కాపాడే పని చేస్తోంది. జాలరుల వాడలకు వెళ్ళేటప్పుడు కట్టుకోవడానికి కొంగు నిండా డాల్ఫిన్లున్న చీర కావాలందట. బాలయ్య ఆ డిజైను ప్రకారం మగ్గం అట్టలకు చిల్లులు కొట్టించి తెచ్చాడు. నేసి చూస్తే పొడుగు ముక్కు, బొద్దు ఒళ్ళు అన్నీ ఉన్నాయి, కన్ను లేదు. గీసినవాడు మరిచిపోయాడని ఇద్దరం నవ్వుకున్నాం. హంసైనా నెమలైనా మా వీధిలో కన్ను లేకుండా నేయరు, కట్టుకున్నవాళ్ళకు అరిష్టమంటారు. అందుకని ఒక్కో డాల్ఫిన్‌కూ ఎర్ర పట్టు పోగుతో చేత్తో కన్ను పెట్టాం.

సగం కొంగు అయ్యాక మాలతి బాలయ్యను వెంటబెట్టుకుని చూడడానికి వచ్చింది. చూసి మురిసిపోయింది. అంతలోనే ముఖం మారింది, ఈ కళ్ళు ఎందుకు పెట్టారని అడిగింది. బాలయ్య గొంతు లేచింది. జములమ్మకు చూపు ఆనడం లేదని వీధిలో గుసగుసలు విన్నా నమ్మలేదని, అట్టల్లో లేని కళ్ళు పడ్డాయంటే అది నిజమేనని, ఇక చాలు దిగమని అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కన్ను పెట్టడం మా ఆచారం, దానికీ చూపుకూ ఏం సంబంధమని గట్టిగానే అడిగాను.

తప్పు ఎవరిదీ కాదంది మాలతి. ఆ డాల్ఫిన్‌కు చూపు లేదట. బురద నీళ్ళలో దాని కన్ను సూది బెజ్జమంత, వెలుగూ చీకటీ తప్ప తెలియదు. దేశం మొత్తంలో రెండు వేలకు మించి లేవట. వలలో చిక్కితే పైకి వచ్చి ఊపిరి తీసుకోలేక చచ్చిపోతాయట. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నాయని ఆ అక్టోబరులోనే ప్రభుత్వం వాటిని జాతీయ జలచరం చేసిందట.

“కండ్లు లేకుంటె చేపనెట్ల పట్టుకుంటది మేడమ్?” అంది అక్క.

“చప్పుడుతో అమ్మా. తను చేసిన చప్పుడు దేనికి తగిలి తిరిగొచ్చిందో విని తెలుసుకుంటుంది.”

నేను చెప్పొద్దన్నట్టు అక్క చెంగు పట్టి లాగుతున్నా ఆమె ఆగలేదు.

“నాకు గూడ కనపడ్తలేదు మేడమ్. రెండేండ్లాయె.”

బాలయ్య నోరు తెరిచాడు. ఈలోగా అక్క వేళ్ళు కొంగు మీద ఎర్ర కన్నును వెతికి పట్టుకున్నాయి. అది పైన వేసిన పోగు కాబట్టి తీసినా చీర చెడదు. మెల్లగా లాగింది. ఒకటి తర్వాత ఒకటి అన్ని కళ్ళూ తీసేసింది. చుట్టూ ఉన్న జరీ ఒక్క చోట లేవలేదు. అప్పుడు బాలయ్య గొంతు ఉన్న వైపు తిరిగింది.

“గుడ్డిదైనా దాని ఏట్ల దాన్ని ఉండనియ్యాలని సర్కారే చెప్పవట్టె బాలయ్యా. నన్నేమో మగ్గం దిగుమంటివి.”

బాలయ్య వంగి కొంగు నిమిరి చూశాడు. లేచి వెళ్ళిపోయాడు. ఆ చీర దిగిన వారంలోనే అక్క పేరు మీద కొత్త పడుగు పంపించాడు. అది మగ్గానికి ఎక్కించి కూర్చున్నాక నాకు ఏడుపు ఆగలేదు. నా వైపు నాడె చప్పుడు వినపడడం లేదని అక్క తిట్టింది.