పుంగనూరు మీదుగా కుప్పానికి: మా రెడ్డెప్ప నోరు విప్పిన రోజు

బెంగళూరు నుంచి కుప్పానికి రైలుంది. ఎక్కి కూర్చుంటే ఓ రెండు గంటల్లో దించేస్తుంది. అది మానేసి ఇద్దరు మనుషులు ముందు రోజే మదనపల్లెకు వెళ్ళి, అక్కడి నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా బస్సులు మారుతూ కుప్పం చేరారంటే వాళ్ళకు తిక్కయినా ఉండాలి, ఏదో పనైనా ఉండాలి. మాకు రెండూ ఉన్నాయి. నేనూ, రెడ్డెప్పా కలిసి నాలుగేళ్ళుగా వారానికోసారి ఒక పాడ్‌కాస్ట్ చేస్తున్నాం. రాసుకునేది ఏమీ ఉండదు. మైకు ముందు కూర్చుని లోకంలోని వింతల మీద, మనకు పట్టుకున్న కొత్త అలవాట్ల మీద నోటికొచ్చింది మాట్లాడుకుంటాం. నేను మదనపల్లె మిషన్ ఆసుపత్రి క్వార్టర్స్‌లో పెరిగిన నర్సమ్మ కూతుర్ని. అతను పెద్దపంజాణి దగ్గర టమోటా రైతు కొడుకు. డిగ్రీలో ఒకే క్లాసు. అప్పట్నుంచీ మా ఇద్దరి నోళ్ళూ మూతపడింది లేదు.

పోయిన చలికాలం దాకా లేదు. అప్పుడొక పెద్ద నగరంలో స్టేజీ మీద షో చేశాం. రెడ్డెప్ప "మా ఇంట్లో ఒక ఫ్రిజ్జుండాది" అన్నాడు, అంతే. జోకు ఇంకా మొదలే కాలేదు, జనం పడీ పడీ నవ్వారు. ఆ 'ఉండాది'కే నవ్వారు. ముందు వరసలో ఒకతను అతని మాటను వెక్కిరిస్తూ వీడియో కూడా పెట్టాడు. నాకైతే ఒళ్ళు మండిపోయింది. రెడ్డెప్ప మాత్రం ఆ మర్నాటి నుంచి మైకు కనబడితే చాలు, ఇస్త్రీ చేసిన తెలుగు మాట్లాడటం మొదలుపెట్టాడు. బయట మామూలుగానే ఉంటాడు, మైకు ముందుకొస్తే వార్తలు చదువుతాడు. వినేవాళ్ళు తగ్గారు. అంతకంటే నాకు బాధ కలిగించింది అతనికి నవ్వు తగ్గడం. కుప్పంలో షో చెయ్యమని పిలుపొచ్చినప్పుడు తేల్చి చెప్పేశాడు. "ఒప్పుకున్న్యాం గాబట్టి ఇదొకటి సేస్తా. ఆడ గూడా నగకపోతే ఇంక సాలు కెజియా. ఊరికి పోయి నాయనతో కలిసి టమోటా పెట్టుకుంటా." అందుకే ఈ చుట్టుదారి. అతని సొంత నేల మీదుగా అతన్ని నడిపించి తీసుకుపోవాలన్నది నా కుట్ర.

మదనపల్లెలో మా అమ్మ ఇడ్లీ పెట్టి, ప్రయాణానికి ముందు ప్రార్థన చేసింది. "ప్రభువా, ఈ బిడ్డలను క్షేమంగా చేర్చు. రెడ్డెప్ప గొంతులో ఏదో అడ్డం పడిండాది, అది నువ్వే తీసెయ్యి" అంది. రెడ్డెప్ప నోట్లో ఇడ్లీ పెట్టుకుని చేతులు జోడించి ఉన్నాడు. కళ్ళు తెరిచి, "సిస్టరమ్మా, ఇప్పుడు అడ్డం పడిండేది ఇడ్లీ" అన్నాడు. ఆమె అతన్ని వీపు మీద ఒక్కటి చరిచి బస్టాండుకు పంపింది. ఉదయం ఏడున్నరకు పుంగనూరు బస్సు దొరికింది. ఆడవాళ్ళకు ఆర్టీసీలో ఇప్పుడు ఉచితం, ఆధార్ కార్డు మాత్రం చేతిలో ఉండాలి. కండక్టరు నాకు సున్నా టికెట్టు చింపి, అతని వైపు చెయ్యి చాపి, "నువ్వు దుడ్లు తియ్యప్పా" అన్నాడు. రెడ్డెప్ప నిట్టూర్చాడు. "సూడు సార్, నగించేది నేను, ఊరికే పోయేది ఈమె." బస్సులో నలుగురు నవ్వారు. నేను లోలోపల లెక్కేసుకున్నాను, మైకు లేదు కాబట్టి నవ్వించాడని.

ముప్పావు గంటలో పుంగనూరు. టీ తాగి, పొట్టి ఆవుల్ని చూడటానికి ఆటో మాట్లాడుకున్నాం. రానూపోనూ, అక్కడ అరగంట ఆగడానికీ కలిపి మూడు వందలకు ఒప్పుకున్నాడు. మీరూ ముందే మాట్లాడుకోండి. ఊరి బయట సరోజమ్మ అనే రైతు ఇంటి ముందు ఆగాం. పుంగనూరు ఆవును ఫోన్లో చూడటం వేరు, పక్కన నిలబడటం వేరు. నా నడుము దాకా కూడా రాదు. తెల్లగా, బుజ్జిగా ఉండి, మన మొహాన్ని నిదానంగా చూస్తుంది. ఆవుకు పెద్దగా నీళ్ళక్కర్లేదు, గడ్డీ అక్కర్లేదు, ఈ మెట్టనేలలో పుట్టి ఈ ఎండకే అలవాటు పడింది. ఇప్పుడది నగరాల్లో ఫ్యాషనైపోయింది. అపార్ట్‌మెంట్ల వాళ్ళు పెంచుకుంటామని ఫోన్లు చేస్తున్నారట.

"మొన్న ఒకాయన ఫోన్ సేసినాడమ్మా" అంది సరోజమ్మ, తాడు సర్దుతూ. "ఆవు లిఫ్టులో పడతాదా అని అడిగినాడు. పడతాదప్పా, అయితే మీ ఇంట్లో వాళ్ళు మెట్లెక్కాల అన్న్యాను."

రెడ్డెప్ప కళ్ళు వెలిగాయి. "ఎన్నో అంతస్తంట?"

"పద్నాలుగంట."

"ఆడ గడ్డి యాడ మొలస్తాదమ్మా?"

"అదీ అడిగినా. ఆన్‌లైన్‌లో వస్తాదంట."

"గడ్డి పైకి వస్తాది, సరే. పేడ కిందికి యా ఆన్‌లైన్‌లో పోతాది?"

సరోజమ్మ నవ్వీ నవ్వీ ఆవు వీపు మీద చెయ్యి ఆనించి నిలదొక్కుకుంది. ఆటో ఆయనకు దగ్గొచ్చేసింది. నేను ఫోన్ తీసి రికార్డు చేద్దామని బొత్తం నొక్కాను. ఫోన్ చూడగానే రెడ్డెప్ప గొంతు సవరించుకుని, "ఈ విధంగా మన దేశవాళీ గోసంపద..." అన్నాడు. చెంప మీద కొట్టాలనిపించింది. "ఏమైందప్పా ఈయనకు, బాగనే ఉన్న్యాడు గదా ఇంతసేపూ" అని సరోజమ్మ నన్నడిగింది.

పుంగనూరు నుంచి పలమనేరు గంటపైన. ఆ దారిలో ఎర్రమట్టి, రాళ్ళగుట్టలు, టమోటా మొక్కలకు పాతిన కట్టెలు, బస్సు ఆగి జనాన్ని ఎక్కించుకునే ఊళ్ళు. గంగవరం దాటాక ఆకలేసింది. పలమనేరు బస్టాండు దగ్గర చిన్న మెస్సులో రాగిసంగటి, ఊరిబిండి అనే వేరుశనగ పచ్చడి, పప్పు తిన్నాం. ఇద్దరికీ కలిపి రెండు వందల లోపే అయింది. వడ్డించే ఆయన రెడ్డెప్పకు రెండో ముద్ద వేస్తూ, "తిను తిను, ముద్ద దిగితేనే మాట వస్తాది" అన్నాడు. ఆయనకేం తెలుసు పాపం, మా అసలు బాధ అదేనని. అక్కడి నుంచి వి.కోట దాకా, మళ్ళీ అక్కడ మారి కుప్పం దాకా రెండు బస్సులు. మధ్యలో అడవి అంచున ఏనుగులుంటాయని బోర్డులు కనిపిస్తాయి. చీకటి పడకముందే ఈ దారి దాటడం మంచిదని డ్రైవర్లే చెబుతారు. దారి పొడుగునా రెడ్డెప్ప పెదాలు కదుపుతూనే ఉన్నాడు. "మన దైనందిన జీవితంలో సెల్‌ఫోన్ పాత్ర" అని వినపడింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

మూడున్నరకు కుప్పంలో దిగాం. ఇక్కడ అంగడిలో తెలుగులో అడిగితే అరవంలో జవాబొస్తుంది, కన్నడంలో చిల్లర తిరిగొస్తుంది. మూడూ కలిసిన ఆ మాట వింటుంటే నాకు భలే సంబరంగా ఉంటుంది. షో ఒక కల్యాణ మండపంలో, ఐదింటికి. కాలేజీ పిల్లలు, చుట్టుపక్కల పల్లెల వాళ్ళు, అంగళ్ళవాళ్ళు వచ్చి కూర్చున్నారు. రెడ్డెప్ప మైకు అందుకున్నాడు. "సభకు నమస్కారం. నేటి జీవితంలో సెల్‌ఫోన్ అనేది మనలో ఎంతగా భాగమైపోయిందంటే..." ఫ్యాన్ల చప్పుడు స్పష్టంగా వినపడుతోంది. నేను మధ్యలో ఎంత ఎగదోసినా అతను కదల్లేదు. పది నిమిషాలు గడిచాయి. అతని మెడ మీద చెమట చూశాను. అయిపోయింది, మా జోడీ ఇక్కడితో సరి అనుకున్నాను.

మూడో వరసలోంచి ఒక నడివయసామె, ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని, కూర్చున్న చోటి నుంచే గట్టిగా అడిగింది. "ఏమప్పా, వార్తలు సదవతాండావా? వాన ఎప్పుడొస్తాదో గూడా సెప్పు!"

హాలంతా గొల్లుమంది. నగరంలో ఇలా ఎవరైనా అంటే వాళ్ళ నోరెలా మూయించాలో మేం నేర్చుకున్నాం. నేను దానికి సిద్ధపడుతున్నాను. రెడ్డెప్ప మైకు దించి ఆమెను చూశాడు. ఎత్తేసరికి గొంతు మారిపోయింది.

"వార్తలేముండాయమ్మా సెప్పేకి! పుంగనూరు ఆవు లిఫ్టెక్కి పద్నాలుగో అంతస్తుకు పోయిండాది. నేనే, ఈ స్టేజి దిగే దారి తెలీక సస్తాండాను."

"పైన ఏం సేస్తాండాదప్పా ఆవు?"

"ఏం సేస్తాది? పొద్దున్నే అందరికీ గుడ్ మార్నింగ్ మెసేజీలు పెడతాది. గడ్డి యాప్‌లో వస్తాది. మొన్న డెలివరీ అబ్బోడు గడ్డికట్ట తెచ్చి ఓటీపీ అడిగినాడు. అంబా అనింది. కరెక్టే అన్న్యాడు!"

వెనక నుంచి ఒకాయన, "మరి పాలు?" అన్నాడు.

"పాలు ప్యాకెట్టువి తెచ్చుకుంటారు. ఆవు సెల్ఫీకి, పాలు అంగడికి. టౌనంటే అదేప్పా!"

నేను ఊరుకుంటానా! "అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకున్నారా?" అని అందించాను.

"యాల ఒప్పుకుంటారు? ఆవును పంపించేయాలని మీటింగు పెట్టినారు. ఓడిపోయినారు. మీటింగుకు వచ్చింది ఆవొక్కటే!"

ఆ నవ్వును నేను రాయలేను. కుర్చీలు కదిలాయి. ఒకరు అరవంలో అడిగితే ఇతను తెలుగులో అందుకున్నాడు, ఇంకొకరు కన్నడంలో పొడిగించారు. గంటసేపు షో మా చేతుల్లో లేదు, హాలు చేతుల్లో ఉంది. అప్పుడు ఆ గుడ్డసంచి ఆమె లేచి నేరుగా స్టేజీ వైపు నడవటం మొదలుపెట్టింది. ఆవును ఎగతాళి చేశామని కోపమొచ్చిందనుకుని నేను హడలిపోయాను. "అందరికీ ధన్యవాదాలు" అనేసి, మైకు కట్టెయ్యమని సౌండు ఆయనకు సైగ చేశాను. ఆయన నవ్వి చెయ్యి అడ్డంగా ఊపాడు. "గమ్మునుండమ్మా, అది సదివింపు."

క్రిస్మస్ నాటికలు తప్ప ఇంకేమీ చూడకుండా పెరిగిన నాకు అది తెలియదు. ఈ పల్లెల్లో ఎండాకాలం భారతం వీధినాటకాలు ఆడతారు. అందులో రాజుల మధ్య బపూను అనే హాస్యగాడు ఉంటాడు. అతన్ని జనం ఏమైనా అడగొచ్చు, అతను అప్పటికప్పుడు బదులివ్వాలి. అడగటమే గౌరవం. మెచ్చితే స్టేజీ ఎక్కి అతని చొక్కాకు ఒక నోటు గుచ్చుతారు. అప్పుడు ఎంత పెద్ద యుద్ధమైనా ఆగాల్సిందే. ఇచ్చినవాళ్ళ పేరు, ఊరు బపూను గట్టిగా చెప్పాలి. రెడ్డెప్పకు ఇదంతా తెలుసు. అతను అప్పటికే వంగి నిలబడ్డాడు. ఆమె నోటు మడిచి పిన్నీసుతో గుచ్చింది.

"పేరు సెప్పమ్మా" అన్నాడతను.

"ముత్తమ్మ, గుడుపల్లె. ముందు నువ్వు సెప్పు. నేను యా ఊరి బపూనుకు ఇస్తాండానో నాకు తెలియల్ల గదా?"

చలికాలం నుంచి ఏ స్టేజీ మీదా అతను తన ఊరి పేరెత్తలేదు. ఇప్పుడు మైకు గట్టిగా పట్టుకున్నాడు. "గుడుపల్లె ముత్తమ్మ సదివింపు! తీసుకుంటాండేది పెద్దపంజాణి తట్టు టమోటా రైతు కొడుకు రెడ్డెప్ప. ఈ నోరు ఆ ఊరిదే, యాడా అరువు తెచ్చుకున్నేది కాదు!"

నేను ఏడ్చాను, దాచుకోలేదు. ఆ చప్పట్ల మధ్య నిలబడి, ఇతను నా జోడీ అని ప్రతి ఒక్కరికీ చెప్పాలనిపించింది. తిరుగు రైల్లో అతను ఆ నోటు తియ్యలేదు, ఎదుటి సీటాయన వింతగా చూస్తున్నా సరే. "వచ్చే వారం ఏం మాట్లాడదాం?" అన్నాడు. టమోటా మాట మళ్ళీ ఎత్తలేదు.

మైకు పట్టుకుని కబుర్లు చెప్పి నవ్వించడం ఎక్కడో పుట్టి నగరాల మీదుగా మా దాకా వచ్చిందని నేనూ నమ్ముతూ వచ్చాను. కాదు. నాటకం మధ్యలో భీముణ్ణి ఆపి అంగడి ధరలు అడిగిన బపూనులు మా నేల మీద ఎప్పటినుంచో ఉన్నారు, వాళ్ళను ఎదురడిగే ముత్తమ్మలూ ఉన్నారు. మా మాటను చూసి నవ్వినవాళ్ళ కోసం మా మాట మార్చుకోవాల్సిన పని లేదు. మా మాటతో నవ్వేవాళ్ళు ఇక్కడ నిండా ఉన్నారు, నాకది గర్వం. మీరు కుప్పం వైపు నాటకానికో, మా లాంటి వాళ్ళ షోకో వెళితే ఒక్క సలహా: వెనక్కు పోయి చేతులు కట్టుకుని కూర్చోకండి. ముందు వరసలో కూర్చుని గట్టిగా ఏదో ఒకటి అడగండి. వెళ్ళేముందు జేబులో ఒక పిన్నీసు వేసుకోండి.