ఇంట్లో ఒడియా మానేసిన ఎనిమిది నెలలు

చెరువుల దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ పేలిన రోజున నాకు మొదటిసారి భయం పట్టుకుంది. ఆ శబ్దానికి షెడ్ల దగ్గర ఆడుకునే పిల్లలందరూ ఏడుస్తూ తల్లుల దగ్గరికి పరుగెత్తారు. మా సస్మిత మాత్రం గట్టు మీదే కూర్చుంది. కరెంటు పోయి ఆగిపోతున్న రొయ్యల చెరువు ఫ్యాన్ రెక్కల్నే చూస్తోంది. తల కూడా తిప్పలేదు. దానికప్పుడు రెండున్నరేళ్లు. ఒక్క మాటా రాలేదు. పేరు పెట్టి పిలిస్తే చూడదు.

మాది ఒడిశాలో గంజాం జిల్లా. మా అమ్మ తెలుగావిడ కాబట్టి నాకు తెలుగు వచ్చు. మా ఆయన బిజయకు అప్పట్లో ఒడియా తప్ప రాదు. పెళ్లయ్యాక రొయ్యల చెరువుల్లో పనికి, కోవూరు అవతల సముద్రం వైపున్న ఈ ఊరికి వచ్చాం. సస్మిత ఇక్కడే పుట్టింది.

పాపను దగ్గర్లోని ఒక ప్రైవేటు డాక్టరుకు చూపించాం. ఆయన పాపను ముట్టుకోకుండానే, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగారు. ఇంట్లో ఒడియా, బయట తెలుగు అని చెప్పాను.

"అదేనమ్మా సమస్య. రెండు భాషలతో పిల్ల కన్ఫ్యూజ్ అవుతోంది. ఒరియా ఆపేయండి. తెలుగులోనే మాట్లాడండి. ఆరు నెలల్లో మాటలొస్తాయి" అన్నారు.

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాం. ఆ రోజు నుంచి బిజయ ఇంట్లో నోరు విప్పడం మానేశాడు. అతనికి వచ్చిన తెలుగు "రా", "తిను", "వద్దు" వరకే. అంతకుముందు పనినుంచి రాగానే పాపను మోకాళ్ల మీద ఊపుతూ ఏవేవో కబుర్లు చెప్పేవాడు. అది అతని గడ్డం పట్టుకుని కిలకిలా నవ్వేది. ఆ నవ్వు కూడా తగ్గిపోయింది. ఎనిమిది నెలలు గడిచాయి. మాటలు రాలేదు సరికదా, తన చెయ్యి తానే కొరుక్కోవడం మొదలుపెట్టింది.

మా ఊరి అంగన్‌వాడీ టీచర్ రమణమ్మక్క ఒకరోజు నన్ను నిలదీసింది.

"ఏంది సావిత్రీ, ఆ బిడ్డ చెయ్యి చూడు, కాయ కట్టిపోయుండాది. నెల్లూరు పెద్దాసుపత్రిలో పిల్లల ఎదుగుదల చూసేవాళ్లుండారు. రేపు నేనే తీసకపోతా, పద."

అక్కడ ముందు వినికిడి చూడాలన్నారు. అందుకు చేసే బెరా టెస్ట్‌కి పాప నిద్రపోవాలి. సిరప్ తాగిస్తే కక్కేసింది. రెండుసార్లు తిరిగొచ్చాం. మూడోసారి తెల్లవారకముందే లేపి, బస్సులో కునుకు తియ్యకుండా ఆడిస్తూ తీసుకెళ్లాను. తలకు వైర్లు పెట్టినా కదలకుండా నిద్రపోయింది. రిపోర్టు నార్మల్ వచ్చింది. చెవులు బాగున్నాయంటే సంతోషించాలో, మరి ఎందుకు పలకదోనని భయపడాలో అర్థం కాలేదు.

తర్వాత స్పీచ్ థెరపిస్ట్ మేడమ్ పాపను కూర్చోబెట్టి, "ముక్కేది? కన్నేది?" అని తెలుగులో అడిగారు. సస్మిత ఆవిడ వైపు చూడనేలేదు. మేడమ్ రాసుకుంటూ ఆగి, "పుట్టినప్పటినుంచి ఈమె ఎక్కువ విన్నది ఏ భాష?" అన్నారు. సిగ్గుపడుతూ ఒడియా అని, మానేశామని చెప్పాను.

ఆవిడ పెన్ను కింద పెట్టేశారు. "మానేయమని ఎవరు చెప్పినారమ్మా? రెండు భాషలు విన్నంత మాత్రాన ఏ బిడ్డకీ ఇట్లా కాదు. వాళ్ల నాన్నని రమ్మనండి."

ఆ రోజు మాతో వచ్చిన బిజయ బయట వరండాలో ఉన్నాడు. లోపలికొచ్చాక విషయం చెప్పాను. అతను నా వైపు తిరిగి ఒడియాలో, చాలా మెల్లగా, "నేను మాట్లాడొచ్చా?" అని అడిగాడు. నాకు ఏడుపు ఆగలేదు.

పాప ముందు నేల మీద కూర్చుని ముక్కేదని తన భాషలో అడిగాడు. మూడుసార్లు అడిగాడు. సస్మిత చెయ్యి చాచి అతని ముక్కు పట్టుకుంది.

అంతటితో అంతా బాగైపోలేదు. ఇంకా రెండు వారాలు పరీక్షలు చేసి, పెద్ద డాక్టరుగారు ఆటిజం అన్నారు. "ఇది మీ భాష వల్ల రాలేదు, మీరు ఊరు మారడం వల్లా రాలేదు. మందుతో పోయేది కాదు. వారం వారం థెరపీ, ఇంట్లో రోజూ మాటలు, ఆట. ఆపకూడదు" అన్నారు.

కానీ కొన్ని నెలలకు ఆపాల్సి వచ్చింది. చెరువులకు వైరస్ తగిలి రొయ్యల్ని ఎదగకముందే పట్టేశారు, మా పని పోయింది. వేరే చెరువు పని దొరికి బస్సు సరిగా లేని చోటికి మారాం. మూడు నెలలు థెరపీ లేదు. మానిన చెయ్యి మళ్లీ కొరుక్కోసాగింది. బిజయ మన ఊరు వెళ్లిపోదాం అన్నాడు. నేను ఒప్పుకోలేదు.

"నువ్వు చెరువు కాడ ఉండు. నేనూ బిడ్డా రమణమ్మక్క వాళ్ల ఊళ్లోనే ఉంటాం. దానికి తెలిసిన మేడమ్ నెల్లూరులో ఉండారు, ఆ ఊరినుంచి బస్సుండాది" అన్నాను. నాలుగిళ్లలో పని వెతుక్కున్నాను. ప్రతి మంగళవారం బస్సెక్కాం. బిజయ రోజూ సాయంత్రం వీడియో కాల్‌లో పాపతో ఒడియాలో మాట్లాడేవాడు. అది ఫోను వైపు చూడకపోయినా మాట్లాడేవాడు.

నాలుగేళ్లు నిండాక, ఒక మంగళవారం కోవూరులో బస్సు కోసం నిలబడి ఉన్నాం. ఎండ మండిపోతోంది. సస్మిత నా కొంగు లాగి "పాణి" అంది. ఒడియాలో నీళ్లు అని. నేను వినలేదేమోనని మళ్లీ లాగి, "పాణి" అంది. సీసా మూత తీసి నీళ్లు తాగించాను. బిజయకు ఫోన్ చేశాను. అతను చెరువు గట్టు మీదినుంచి మళ్లీ మళ్లీ "ఏమంది? ఏమంది?" అని అడుగుతూనే ఉన్నాడు.

ఇప్పుడు సస్మితకు ఏడేళ్లు. ఊరి బడిలో ఒకటో తరగతి. ఇంట్లో ఒడియా, బడిలో తెలుగు, రెండూ కలిపి చిన్న చిన్న మాటలు చెబుతుంది. ఒకప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ పేలినా తల తిప్పని పిల్ల, బడి గంట కొడితే మాత్రం చెవులు మూసుకుని బల్ల కిందికి దూరుతుంది. టీచరుగారికి చెప్పాను, గంటకు ముందే దాన్ని బయటికి తీసుకెళ్తున్నారు. బిజయ మా దగ్గరికే వచ్చేశాడు. మంగళవారం బస్సు మాత్రం మానలేదు.

వేరే ఊళ్లనుంచి పనికొచ్చి, మాటలు రాని బిడ్డతో తిరిగే తల్లులకు ఒకటే చెబుతాను. పరీక్షకు వెళ్లినప్పుడు, బిడ్డ ఇంట్లో వినే భాష ఏదో మీరే ముందు చెప్పండి, వాళ్లు అడిగేదాకా ఆగకండి. ఆ భాషలో బిడ్డతో మాట్లాడే మనిషిని వెంట తీసుకెళ్లి, లోపలిదాకా రానివ్వమని గట్టిగా అడగండి.