నేను నింపిన కెతుపాట్లు

ఒక పండుగ పూట, ముప్పై బియ్యపు పొట్లాలతో, నాకు అన్నం పెట్టిన ఇల్లాలి పరువు ఆమె అత్తగారి ముందే తీసినవాణ్ణి నేను. ఎలా తీశానో చెబుతాను. నవ్వండి, ఏమీ అనుకోను. అప్పటి రాజేశం నవ్వులపాలు కావాల్సినవాడే.

అప్పుడు నేను జెద్దాలో ఒక బిల్డింగుకి హారిస్‌ని. అంటే కాపలా, నీళ్ల మోటరు, మెట్లు కడగడం, అన్నీ నేనే. రెండో అంతస్తులో మలేషియా వాళ్లు ఉండేవారు: అజ్మన్ భాయ్, ఆయన భార్య రోహానా. ఆమెను నేను అక్కా అనేవాణ్ణి. వచ్చిన కొత్తలో జ్వరంతో గదిలో పడి ఉంటే, వారం రోజులు అల్లం వేసిన బియ్యపు జావ భర్త చేత పంపింది. ఆ జావే లేకపోతే ఈ సంగతి చెప్పడానికి నేను ఉండేవాణ్ణి కాదు. కొంచెం ఎక్కువ చేసి చెబుతున్నానేమో, కొంచెమే.

ఆ ఏడు రంజాన్‌కి అజ్మన్ భాయ్ తల్లి ఉమ్రాకి, అంటే మక్కా యాత్రకి, వచ్చింది. ఈద్ మాత్రం కొడుకింట్లో. "ఎడారికి పోయి నా కోడలు వంట మరిచిపోయింది" అని ఫోన్ చేసినప్పుడల్లా దెప్పే మనిషి. అందుకే అక్క ఈసారి కెతుపాట్ పెట్టి తీరాలని పట్టుబట్టింది. లేత ఆకులతో పిడికిలంత సంచులు అల్లి, బియ్యం పోసి, నాలుగైదు గంటలు ఉడికిస్తారు. లోపల అన్నం గట్టిపడి, కోస్తే ముక్కలుగా వస్తుంది. అది లేనిదే వాళ్లకు ఈద్ కాదు. కొబ్బరాకుల కోసం షరఫియా బజారంతా తిరిగినా దొరకలేదు. చివరికి నేను ఖర్జూరం లేతాకులు తెచ్చిస్తే, వాటితోనే ముప్పై సంచులు అల్లింది.

పండుగ ముందురోజు మధ్యాహ్నం ఆలుమగలిద్దరూ ముసలమ్మను తీసుకురావడానికి మక్కా బయల్దేరారు. నానబెట్టి వడగట్టిన బియ్యం, సంచులు, పెద్ద గిన్నె నా గదికి దించారు. మేం మాట్లాడుకునేది సగం అరబ్బీ, సగం ఇంగ్లీషు. మీకు తెలుగులో చెబుతున్నాను.

"రాజేశం, సగానికి కొంచెం పైన. అంతే. తర్వాత నీళ్లలో ఉడికించు."

"గంతేనా అక్కా?"

"అంతే."

ఆమె కారెక్కింది. నేను ఒక సంచిలో సగం పోసి చూశాను. వెలితిగా, పేదగా కనిపించింది. సరిగ్గా అప్పుడే ఊరి నుంచి నా భార్య రజిత వీడియో కాల్ చేసింది.

"ఏం జేస్తున్నవ్?"

"అక్కోళ్ల పండుగకు సంచులల్ల బియ్యం నింపుతున్న. సగమే పొయ్యమన్నది."

"పండుగ పూట సగమేందయ్యా? చూసెటోళ్లు ఏమనుకుంటరు?"

"నాకు గూడ గట్లనే అనిపిస్తున్నది."

"ఆమె మొహమాటానికి అన్నదేమో. నువ్వు నిండ పొయ్యి. ఇంక జర కొసరు గూడ పొయ్యి."

ఇంకేం కావాలి? వేలితో కుక్కి కుక్కి పోశాను. నేల మీద తట్టి, దిగిన చోట మళ్లీ పోశాను. అక్క ఇచ్చిన బియ్యం ఇరవై సంచులకే అయిపోతే, నా డబ్బాలోని బియ్యం తీసి మిగతా పదీ నింపాను. అక్కడైనా బుర్ర వెలగాలి కదా? వెలగలేదు. పైగా నా దానగుణానికి నేనే మురిసిపోయాను.

రాత్రి వాళ్లు వచ్చేసరికి ముప్పై కెతుపాట్లూ ఉడికి, తాడుకు వేలాడుతున్నాయి.

"ఇంత లావుగా ఉన్నాయేంటి?" అంది అక్క.

"నిండుగున్నయక్కా!" అన్నాను గర్వంగా.

పక్కన అత్తగారు. అక్క ఇంకేమీ అడగలేకపోయింది.

మర్నాడు భోజనానికి నన్నూ పిలిచారు. ముసలమ్మ ఒక కెతుపాట్ తీసుకుని కత్తి పెట్టింది. కత్తి దిగలేదు. రెండో చెయ్యి వేసింది. టక్ మని రెండు ముక్కలై, ఒకటి వచ్చి నా ఒళ్లో పడింది. పైన రాయి, లోపల పచ్చి బియ్యం.

"ఎవరు నింపారు?" అడిగింది. అజ్మన్ భాయ్ నాకు ఇంగ్లీషులో చెప్పాడు.

అక్క తల వంచుకుని, "నేనే" అంది.

ఎనిమిదేళ్ల దెప్పుళ్లకు జవాబు చెప్పాల్సిన రోజున, ఇంటికొచ్చిన నన్ను చిన్నబుచ్చడం ఇష్టం లేక, తప్పు తన మీద వేసుకుంది. ఆ ఒక్క మాటకు నేను ఆమెకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

"లేదమ్మా, నేనే! అక్క సగమే పొయ్యమన్నది. నేనే కుక్కిన!" అని లేచి నిలబడ్డాను.

ముసలమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "బియ్యం ఉబ్బాలంటే చోటు కావాలి నాయనా. నువ్వు ఊపిరాడనివ్వలేదు."

అక్క పరుగున వెళ్లి మామూలు అన్నం వండి తెచ్చింది. ముసలమ్మ ఆమె చేసిన రెండాంగ్, అదే, కొబ్బరిపాలలో ఇగరబెట్టిన మాంసం, మూడుసార్లు వడ్డించుకుంది. తిని కొడుకుతో అంది: "కోడలు వంట మరవలేదు. పనివాణ్ణి ఎంచుకోవడంలోనే పొరపాటు పడింది." అందరికన్నా గట్టిగా నవ్వింది అక్కే.

ఆ సంతోషంలో నాకు పౌరుషం వచ్చింది. తిండి పారేయకూడదంటూ నా కెతుపాట్లు మూడు, అందరూ వద్దంటున్నా, నమిలి మింగాను. సాయంత్రపు అస్ర్ నమాజు వేళకు పొట్ట బిగిసిపోయి, గదిలో వెల్లకిలా పడి ఉన్నాను. ముసలమ్మ కొడుకును వెంటబెట్టుకుని, అల్లం నీళ్లు పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. గ్లాసు నా చేతికిచ్చి, పొట్ట కేసి చూసి తృప్తిగా అంది:

"దొరికింది. బియ్యానికి చోటు దొరికింది."

కనుక పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: భార్య చెప్పినా, పండుగే వచ్చి అడిగినా, ఏ సంచిలోనూ సగానికి మించి ఒక్క గింజ పోయను. అక్క పెట్టే పళ్లేనికి మాత్రం ఈ ప్రమాణం వర్తించదు.