పెద్దాయన చెంప మీది పులిగాటు

ఆ రోజుల్లో తూచి చూడని సంగతిని నమ్మకూడదని నాకొక నియమం ఉండేది. పాలిటెక్నిక్ పూర్తిచేసి బోధన్ దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీ ప్రయోగశాలలో కొత్తగా చేరాను. చెరుకు రసంతో ఆగక ఇంట్లోవాళ్ల మాటలను కూడా పరీక్షించేవాణ్ణి. (నేను నిజామాబాద్ ఇంటికి రాని ఆదివారాలు వాళ్లకు హాయిగా ఉండేవని తరువాత తెలిసింది.)

చనిపోయిన పెద్దల ముఖాన్ని వెండి బిళ్ల మీద చేయించి దేవుళ్ల గూట్లో పెట్టి మొక్కడం మా ఇంటి ఆనవాయితీ. అలాంటి ఒక పాత బిళ్ల మీదున్నది మా ముత్తాత అని, ఆయన ఇందల్వాయి అడవిలో పులితో కలబడ్డాడని, చెంప మీది గాటు ఆ పులి గోరేనని, వెనుకవైపు కూర్చున్నది ఆయన భార్య అని మా అవ్వ, అంటే బాపు తల్లి, చెప్పేది. ఒక ఆదివారం పసుపు కడిగి చూస్తే తల మీద ఆకుల దండ, చుట్టూ మనవి కాని అక్షరాలు. అవ్వను బతిమాలి బిళ్లను ఫ్యాక్టరీకి పట్టుకుపోయాను. (రోజూ ఆయనకు బెల్లం పెట్టాలన్న షరతు మీద. చక్కెర ఫ్యాక్టరీలో బెల్లం కోసం తిరిగిన ఉద్యోగిని నేనొక్కణ్ణే.) తూచాను, నీళ్లలో ముంచి తూచాను, అచ్చుపోసిన నకిలీకుండే అతుకు అంచున లేదని భూతద్దంతో చూశాను, లైబ్రరీలోని నాణేల పుస్తకంలో బొమ్మ పక్కన పెట్టి చూశాను. అనుమానం లేదు. అది ఏసుక్రీస్తు కాలం నాటి రోము చక్రవర్తి వెండి నాణెం. చెంప మీది గాటు, లోపల రాగి ఉందేమోనని మనవైపు వర్తకులు ఉలితో పెట్టింది.

పెద్దలకు విస్తరి వేసే పెత్రమాస దగ్గరపడుతుండగా ఇదంతా వరుసగా చదివి వినిపించాను. చిన్నాయన నాందేడ్‌లో కొనేవాళ్లుంటారా అని అడిగాడు. అవ్వ బిళ్లను గూట్లో పెట్టి, తలుపు వేసి, తినకుండానే పడుకుంది. మరునాడు గూటి ముందు దీపం లేదు. బాపు నా పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు.

“గిన్నేండ్లు ఆమె ఎవలికి మొక్కినట్టురా?”

నేను తూకం లెక్కల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

పెత్రమాస నాడు సెలవు పెట్టి ఆ గూటి ఎదురుగానే కూర్చున్నాను. వంట అయింది. అవ్వ వచ్చి తలుపు తీసింది, బిళ్లకు పసుపు రాసింది, ఎప్పుడూ ఒకటే వేసే చోట రెండు విస్తర్లు వేసింది.

“ఒకటి మా పెద్దాయనకు, ఒకటి గీ రాజుకు. పాపం, ఆయనకు పెట్టెటోళ్లు ఎవలున్నరు? ఇన్నొద్దులు మనింట్ల తిన్నడు, ఇప్పుడు పొమ్మంటమా?”

మరి పులి సంగతేమిటని చిన్నాయన గెలికాడు.

“మొఖం వేరేటోనిదైతే పులి రాకుంట పోతదా? మూసుకొని తిను.”

గారెలు ఎన్ని తిన్నానో ఆ ఒక్కసారి లెక్కపెట్టలేదు.

ఇప్పుడు అవ్వ లేదు. వెండిపని చేసే అవుసులాయనతో ఆమెకు కూడా బిళ్ల చేయించాను. ముక్కు ఆమెది కాదు, గడ్డం అసలే కాదు. ఆనాటి కుర్రవాడైతే ఫొటో, స్కేలు పట్టుకుని ఆ అవుసులాయన కొట్టుకు పరుగెత్తేవాడు. నేను పసుపు రాసి, చక్రవర్తి పక్కన పెట్టి, మొక్కుకున్నాను.