మెట్రోలో మా మామయ్య కూర్చున్నారు

నాకప్పుడు ఐదో నెల. వదులు కుర్తా వేసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు గానీ, నడుం కింద చివరి ఎముక దగ్గర ఒక నొప్పి పట్టుకుంది. నిలబడితే హాయి, నడిస్తే ఇంకా హాయి. కూర్చుంటే మాత్రం కింద పల్లేరుకాయలు పరిచినట్టుండేది. "కొందరికి ఇలా ఉంటుంది, ఎక్కువసేపు కూర్చోకు" అంది డాక్టరమ్మ. అందుకని ఇంట్లో ఇస్త్రీ బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, నిలబడే ఆఫీసు పని చేసుకునేదాన్ని. మీటింగుల్లో కెమెరాకు నా మొహమే కనిపించేది. ఆఫీసులో ఇంకా ఎవరికీ చెప్పలేదు. టీమ్ లీడ్ పదవి నా దగ్గరిదాకా వచ్చి ఆగి ఉంది, అది తేలాక చెబుదామనుకున్నాను.

మా ఇల్లు ఉప్పల్‌లో. నేను గోదావరి జిల్లా నుంచి వచ్చిన కోడల్ని. అత్తింటివాళ్ళది జనగామ వైపు. మామయ్య నాచారం ఫ్యాక్టరీలో ఉద్యోగమంతా మిషను ముందు నిలబడి చేసి రిటైరయ్యారు. ఆ నెలలోనే డాబా మీద చిక్కుడు కుండీలకు నీళ్ళు పోస్తూ జారి, మోకాలు వాచి, పట్టీ కట్టించుకున్నారు. అయినా స్కానింగుకి నాకు తోడొస్తానని పట్టుబట్టారు. మా ఆయన పని మీద పుణె వెళ్ళి ఉన్నాడు. అత్తమ్మకు మెట్రో ఎస్కలేటరంటే భయం. అలా కుంటే మామయ్యా, కూర్చోలేని నేనూ ఉప్పల్ స్టేషన్లో బేగంపేట వైపు రైలెక్కాం.

ఒక్క సీటు ఖాళీగా ఉంది. "కూర్చోండి మామయ్యా" అన్నాను.

"నువ్వు నిలబడి నేను కూసుంటే మంచిగుంటదా బిడ్డా? నలుగురు ఏమనుకుంటరు?"

"నలుగురికీ మన గొడవెందుకు? అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు."

ఆయన మొహమాటపడుతూనే కూర్చుని, వాచిన కాలు ముందుకు చాపుకున్నారు. నేను చున్నీ నడుముకు బిగించి చుట్టేసరికి కడుపు కొంచెం బయటపడింది. పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. హబ్సిగూడ దాటాక, నాకు ఉషారుగా ఉండాలని ఫ్యాక్టరీ రోజుల కథొకటి ఎత్తుకున్నారు. క్యాంటీన్లో సూపర్‌వైజరు కట్టుడు పళ్ళు పప్పు గిన్నెలో పడిపోవడమూ, ఎవరూ నవ్వకూడదని అందరూ కలిసి కార్మిక సంఘం పాట అందుకోవడమూ. చెప్పడం అయ్యేదాకా ఆగలేక ఆయనే ముందు పగలబడి నవ్వారు. నాకూ నవ్వాగలేదు. కానీ నవ్వితే నడుం కలుక్కుమనేది. నుదుటి మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పళ్ళ బిగువున నవ్వును ఆపుకున్నాను.

సరిగ్గా అప్పుడే ఎవరో వీడియో తీశారు. మాకు తెలీదు.

మర్నాడు పొద్దున అత్తమ్మ ఫోనుకు వాళ్ళ చెల్లెలు ఒక వీడియో పంపింది. ఆవిడ ఉండేది ఏఎస్ రావు నగర్‌లో. వాళ్ళ అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చిందట. పంపి ఊరుకోకుండా వెంటనే ఫోన్ చేసింది. అత్తమ్మ చేతులకు పిండి ఉండటంతో స్పీకరు పెట్టింది.

"అక్కా, జూసినవా? కడుపుతో ఉన్న పిల్లను నిలబెట్టి, కాళ్ళు సాపుకొని ఎట్ల నవ్వుతుండో సూడు. సిగ్గు శరం లేదు. ముఖం జూస్తే అచ్చం మన బావ లెక్కనే ఉన్నడు."

అత్తమ్మ మోచేత్తో ఫోను తిప్పుకుని చూసింది.

"లెక్క ఏందే, బావనే" అంది.

అవతల ఆవిడ గొంతు తగ్గింది. "మరి ఆ పిల్లెవరు?"

"నా కోడలు."

"అయ్యో. మరి బావకేం పుట్టిందక్కా, కోడల్ని నిలబెట్టిండు?"

అది మొదలు. ఎంత చెప్పినా ఆవిడకు అనుమానం పోలేదు. ఆవిడకు బావ మీద కంటే వీడియో మీదే నమ్మకం ఎక్కువ.

నేను ఆ వీడియోను ఇస్త్రీ బల్ల మీద పెట్టుకుని చూశాను. మాటలు తీసేసి, ఏడుపు వయొలిన్ పెట్టారు. పైన "మానవత్వం చచ్చిపోయిందా?" అని ఎర్రక్షరాలు. కట్టుడు పళ్ళ కథ లేకుండా చూస్తే మామయ్య నిజంగానే దుర్మార్గుడిలా ఉన్నారు. నేను పాపం ప్రాణాలు పోతున్నదానిలా ఉన్నాను. నా కడుపు వైపు బాణం గుర్తు కూడా వేశారు, ఎవరికైనా తెలియకపోతుందేమోనని.

కింద వ్యాఖ్యలకు అంతు లేదు. ఆయన పెద్ద భూస్వామి అని ఒకరు, ఆంధ్రోడు కాబట్టే ఇంత పొగరని ఇంకొకరు. తెలంగాణ వాళ్ళకు మర్యాద తెలీదని ఆ పక్కనే మరొకరు. దాని మొగుడెక్కడ చచ్చాడని ఒకాయన నిలదీశాడు. సున్నుండలు తినమని ఒక ఆవిడ నాకు సలహా ఇచ్చింది. ఆ రైల్లోనే ఉన్నానని చెప్పుకున్న ఒకతను, ఆ అమ్మాయి తర్వాత స్పృహ తప్పి పడిపోయిందనీ, తనే నీళ్ళు చల్లాడనీ రాశాడు. అది చదివేటప్పుడు నేను మిరపకాయ బజ్జీ తింటున్నాను. నా మీద ఇంతమందికి ఇంత దయ. ఒక్కరికైనా నన్ను అడుగుదామనిపించలేదు.

నేను చదివి వినిపిస్తుంటే మామయ్య మొదట్లో నవ్వారు. "పట్టుకుని నాలుగు తగిలించాలి" అన్నది చదివాక నవ్వలేదు. పంచె సర్దుకుని, "తగిలిస్తే మోకాలి మీద తగిలియ్యకుంటే సాలు" అని డాబా మీదికి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం మా మేనేజరు ఫోన్ చేశాడు. "కంగ్రాట్స్. వీడియో చూశాను. ఇలాంటి టైములో ప్రయాణాలు చేయొద్దమ్మా" అని ఎంతో ఆప్యాయంగా మొదలుపెట్టి, చివర్లో, "లీడ్ బాధ్యత స్ట్రెస్ కదా, మీ ఆరోగ్యం దృష్ట్యా ప్రస్తుతానికి వేరేవాళ్ళకి ఇద్దామనుకుంటున్నాం" అన్నాడు.

"నా ఆరోగ్యం గురించి నేనేం చెప్పలేదే" అన్నాను.

"చెప్పాలా? చూస్తేనే తెలుస్తోంది కదా, పాపం."

ఆ 'పాపం' అన్న మాట దగ్గర నాకు మొదటిసారి ఏడుపొచ్చింది. వీడియోలో ఉన్నది నేనే. కానీ ఆ ఇల్లాలి తరఫున ఊరంతా తీర్పులు చెబుతుంటే, నాకు నోరు లేకుండా పోయింది. ఇంట్లో ఎవరికీ వినపడకుండా పంపు తిప్పి ఏడ్చాను. అయినా అత్తమ్మకు వినపడింది. టీ పెట్టి తెచ్చింది.

మామయ్య కథ అంతటితో ఆగలేదు. ఆ సాయంత్రం కూరగాయలకని ఉప్పల్ మార్కెట్టుకు వెళ్ళారు. అక్కడ ముగ్గురు ఆయన్ను గుర్తుపట్టారు. ముగ్గురూ పెళ్ళీడు దాటినవాళ్ళే. వాళ్ళలో పెద్దతను అక్కడే ఫోన్ కవర్లు అమ్మే దుకాణం నడుపుతాడు. తర్వాత మామయ్య చెప్పగా విన్నాను. ఒకతను ఫోను ఎత్తి పట్టుకున్నాడట, ఇంకొకతను సంచీ పట్టుకున్నాడట.

"కెమెరా జూసి సారీ జెప్పు పెద్దాయనా" అన్నాడట దుకాణం ఆయన.

"ఎవలికి జెప్పాలె?"

"ఆ ఆడబిడ్డకు."

"గట్లనా. ఆమె ఇంట్ల పోపు పెడుతుంది. రాండ్రి, ముఖం మీదనే జెప్త."

వెటకారం అనుకున్నారు. అయినా వదల్లేదు. మామయ్య కుంటుతూ ముందు, కూరగాయల సంచీ మోస్తూ వాళ్ళు వెనక, వీడియో తీస్తూనే మా వీధిలోకొచ్చారు. గేటు చప్పుడైతే గరిటెతోనే తలుపు తీశాను.

ముగ్గురూ నా మొహం చూశారు, కడుపు చూశారు. తర్వాత మామయ్యను చూశారు. ఫోను పట్టుకున్నతని చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"బిడ్డా, వీళ్ళు నీకు సారీ జెప్పమంటున్రు" అన్నారు మామయ్య. "నిన్న నువ్వు నన్ను కూసోమన్నందుకు నేను కూసున్న. తప్పయింది."

"పర్వాలేదు మామయ్యా" అన్నాను. నవ్వాపుకోవడానికి మళ్ళీ నుదుటి మీద చెయ్యి పెట్టుకోవాల్సి వచ్చింది.

దుకాణం ఆయన సంచీని గుమ్మం దగ్గర పెట్టి, "అక్కా, మాకు తెల్వది" అన్నాడు. అత్తమ్మ వాళ్ళను కూర్చోబెట్టి, మోకాలి పట్టీ చూపించి, నా నొప్పి సంగతి చెప్పి, మధ్య మధ్యలో తిట్టి, పకోడీలు పెట్టింది. తిన్నారు. తిన్నాక వాళ్ళకు కొత్త కోపం వచ్చింది.

"గీ వీడియో తీసినోళ్ళు ఎవలో మేం పట్టుకుంటం అక్కా. వాళ్ళ సంగతి మాకు ఇడువు."

"ఏం వద్దు" అన్నాను. విన్నట్టే తలూపారు.

మర్నాడు పొద్దెక్కేసరికి, ఆ వీడియో మొదట ఎవరి ఖాతాలో వచ్చిందో వెతికి పట్టుకుని, దుకాణం ఆయన కొత్త పోస్టు పెట్టేశాడు. "అబద్ధపు వీడియోతో పెద్దమనిషి పరువు తీసింది ఈమే" అని ఒక అమ్మాయి ఫోటో. నాచారంలో వాళ్ళ వీధి, గేటు రంగు, ఆ అమ్మాయి కోచింగుకు వెళ్ళే చోటు కూడా రాశారు. నిన్న మామయ్యను తిట్టినవాళ్ళే ఇప్పుడు ఆ పిల్లను తిడుతున్నారు. మాటలు కూడా పెద్దగా మారలేదు. కానీ మగాడిని తిట్టేటప్పుడు లేని మాటలు కొన్ని కొత్తగా చేరాయి.

మామయ్య ఆ పోస్టు చూసి చెప్పులు వేసుకున్నారు.

"యాడికి?" అంది అత్తమ్మ.

"ఆ పిల్ల తాన్కి. గేటు రంగు ఊరందరికీ తెల్సినంక నాకు తెల్వదా?"

నేనూ ఆటోలో వెంట వెళ్ళాను, సగం దూరం సీటు మీద పక్కకు ఒరిగి. వాళ్ళ ఇల్లు ఆయన పాత ఫ్యాక్టరీ వెనక వీధిలోనే. గేటు బయట కొందరు గుమిగూడి ఉన్నారు. ఇద్దరు ఆడవాళ్ళు ఫోనులు ఎత్తి పట్టుకుని, "బయటికి రా, మాట్లాడు" అని పిలుస్తున్నారు. వాళ్ళను తప్పించుకుని తలుపు కొడితే, ఆ పిల్ల తల్లి కొంచెమే తెరిచింది.

"మీరు గూడ తిట్టనీకే వచ్చిన్రా?"

"లేదమ్మా. ఆ ముసలోన్ని నేనే."

ఆవిడ మమ్మల్ని లోపలికి తీసుకుని గడియ వేసింది. అమ్మాయి వంటింటి గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని ఉంది. పోటీ పరీక్షలకు చదువుతోందట. కళ్ళు ఉబ్బిపోయాయి. నన్ను చూడగానే లేచి కుర్చీ తెచ్చింది.

"వద్దమ్మా, నేను కూర్చోలేను. అసలు గొడవంతా అదే" అన్నాను.

ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది. మామయ్య ఆ కుర్చీలో కూర్చుని అడిగారు. "బిడ్డా, నువ్వు మా పక్కనే ఉన్నవ్ గదా. తాతా లేవు, ఆమెను కూసోనియ్యి అని నాతోని అనొచ్చు గదా?"

"ముఖం మీద అడిగితే బాగుండదనుకున్న తాతా" అంది.

ఆమె అబద్ధమాడలేదు. నిజంగానే అలా అనుకుంది. పెద్దాయన్ను నలుగురిలో అడగడం అమర్యాద అనిపించింది. లోకమంతటికీ చూపించడం అమర్యాద అనిపించలేదు. "అక్క నొప్పితో ఉన్నదనుకున్న. నిజంగనే బాధైంది నాకు" అని నా వైపు తిరిగి చెప్పింది. నా ఆఫీసు సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఆ పిల్లకు ఆ రోజు మోయాల్సింది చాలానే ఉంది.

తల్లి మా ఇద్దర్నీ బతిమాలింది. "మీరొక వీడియో పెట్టున్రి. మా పిల్ల తప్పేం లేదని చెప్పున్రి."

మళ్ళీ నా మొహం, మళ్ళీ నా కడుపు, మళ్ళీ బాణం గుర్తు. మామయ్య నా వైపు చూసి, "నువ్వు ఈడనే ఉండు" అని లేచి, ఒక్కరే గేటు దగ్గరికి వెళ్ళారు. కిటికీ లోంచి చూశాను.

"చూడున్రి, కోపమొస్తే నాకు రావాలె, ఆమె నా కోడలు, ఈ పిల్ల మాతోని మాట్లాడింది. మా ముగ్గురికీ లేని లొల్లి మీకెందుకు? పోయి వంటలు జేసుకోన్రి" అన్నారు. ఫోనులు ఎత్తినవాళ్ళు అది కూడా తీసుకున్నారు. కాసేపు నిలబడి, ఇంకేమీ జరక్కపోయేసరికి ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆ వీడియో కూడా పెట్టారు. దాన్ని ఎవరూ పెద్దగా చూడలేదు. అందులో తిట్టడానికి ఏమీ లేదు.

దుకాణం ఆయన పోస్టు తీయించింది మాత్రం అత్తమ్మ. పకోడీలు పెడుతూనే అతని ఇంటిపేరు, ఊరు అడిగి ఉంచుకుంది. వాళ్ళ అమ్మ బతుకమ్మ ఆటలో తనకు పరిచయమని తేలింది. ఫోన్ చేసి, "నీ కొడుకు ఆడపిల్ల ఇంటి గేటు బజార్ల పెట్టిండు" అని ఒక్క మాట చెప్పింది. అత్తమ్మ ఫోను పెట్టేసి అన్నం వార్చుకునేలోపు పోస్టు పోయింది. అప్పటికే దాన్ని దాచుకున్నవాళ్ళ దగ్గర్నుంచి మాత్రం ఎవరూ తీయించలేకపోయారు. ఆ పిల్ల కొన్నాళ్ళు అన్నోజిగూడలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకుని, పరీక్ష రాసి తిరిగొచ్చింది.

టీమ్ లీడ్ పదవి వేరే ఆయనకే వెళ్ళింది. నేను పైవాళ్ళకు మెయిలు పెట్టాను. జవాబులో కూడా నా ఆరోగ్యం గురించే ఎంతో శ్రద్ధ కనబరిచారు. పాప పుట్టి, సెలవు ముగిశాక ఇంకో కంపెనీలో చేరాను. ఇంటర్వ్యూలో కుటుంబం గురించి అడిగితే, అది మా ఇంటి విషయమని నవ్వుతూ చెప్పాను. ఉద్యోగం ఇచ్చారు.

మొన్న పాపకు టీకా వేయించడానికి మామయ్య నాతో దవాఖానాకు వచ్చారు. వరసలో బెంచీ మీద కూర్చున్న ఒక ముసలమ్మ ఆయన్ను ఎగాదిగా చూసింది.

"నిన్ను యాడనో జూసిన. సీరియల్ల జేస్తవా?"

"జేసిన" అన్నారు మామయ్య, పాపను భుజం మార్చుకుంటూ. "విలన్ వేషం."

"మంచిగ జేసినవ్. మస్తు తిట్టుకున్న నిన్ను" అంది ఆ ముసలమ్మ, ఎంతో మెచ్చుకోలుగా. తర్వాత పక్కకు జరిగి, పాపను తన ఒళ్ళోకి ఇమ్మని చేతులు చాపింది.