చెడిపోని కారు

మొన్న మందుల షాపులో లైనులో నిలబడి ఉండగా కౌంటర్లో ఉన్న చిన్నవయసు అమ్మాయికి ఫోన్ వచ్చింది; బాబుకి మళ్ళీ ఆయాసం వచ్చిందట, మేనేజరుతో ఆ మాటే చెప్పి, గబగబా కోటు తగిలించుకుని వెళ్ళిపోయింది. అంత మామూలుగా చెప్పవచ్చని ఆ రోజుల్లో నాకెందుకు తట్టలేదా అని నా వంతు వచ్చినా చూసుకోకుండా అలాగే నిలబడిపోయాను.

రెండువేల నాలుగు ప్రాంతాల మాట. మా ఆడపడుచు స్పాన్సర్ చేస్తే గ్రీన్‌కార్డు మీద ఫార్మింగ్టన్ హిల్స్ చేరాము. చుట్టుపక్కల మనవాళ్ళంతా కార్ల కంపెనీల్లో ఇంజనీర్లు, మావారు మాత్రం తెల్లవారకముందే వెళ్ళి గ్యాస్ స్టేషన్ తెరిచేవారు. నేను కార్ల విడిభాగాలను పెట్టెల్లో సర్దే గోడౌన్‌లో పనిచేసేదాన్ని. ఏడో ఏట మా అమ్మాయికి మూర్ఛ మొదలైంది. కొన్ని రోజులు నిద్రలేచే వేళకే ఫిట్స్ వచ్చేవి, ఆ రోజంతా మత్తుగా పడి ఉండేది, దాన్ని వదిలి నేను గుమ్మం దాటలేకపోయేదాన్ని. దాని మందులు నా ఉద్యోగం ఇన్సూరెన్సు మీదే వచ్చేవి. పనికి వెళ్ళకపోతే పాయింటు పడేది, ఎనిమిది పాయింట్లయితే ఉద్యోగం పోయేది. ఎటూ కదలలేక, పిల్ల పక్కన కూర్చుని గడియారం చూస్తూ ఏడ్చేదాన్ని.

“ఎవరితోనూ అనకమ్మా, మనవాళ్ళ చెవిన పడితే రేపు దానికి సంబంధాలొస్తాయా?” అని మా ఆడపడుచు మొదట్లోనే హెచ్చరించింది. గోడౌన్‌లో ఒక తెలుగావిడ ఉండేది. అందుకని నాగా పెట్టినప్పుడల్లా కారు స్టార్ట్ కాలేదని ఫోన్ చేసేదాన్ని.

మా సూపర్‌వైజరు మనసున్న మనిషి. నా మీద జాలిపడి, ఓ మధ్యాహ్నం మెకానిక్ అయిన తన భర్తను పిలిపించింది. ఆయన పార్కింగ్‌లో మా కారు బానెట్ ఎత్తి, అరగంట వెతికి, బండి భేషుగ్గా ఉందని తేల్చాడు. ఆవిడ నా మొహంలోకి చూసింది. అప్పుడైనా నోరు విప్పవచ్చు కదా! పక్కనే ఆ తెలుగావిడ టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి ఉంది, నేను తల వంచుకున్నాను. ఆ రోజు నుంచి సూపర్‌వైజరు నా మాట నమ్మలేదు.

రెండు నెలలు తిరక్కుండానే ఎనిమిదో పాయింటు పడింది. బ్యాడ్జీ తిరిగి ఇస్తూ, ఇక దాచేదేముందని, సూపర్‌వైజరుకు అంతా చెప్పేశాను. డాక్టరు లెటర్ ఒక్కటి తెచ్చి ఉంటే ఆ రోజులకు పాయింట్లే పడేవి కావట. ఒక్క మాట ఎందుకు చెప్పలేదని నా చెయ్యి పట్టుకుని అడిగింది. మనవాళ్ళ పెళ్ళి సంబంధాల గురించి ఆవిడకు ఏమని చెప్పను? మందులు ఆగకుండా మావారు రెండో డ్యూటీ కూడా పట్టారు, పిల్ల తండ్రిని ఆదివారాలే చూసేది.

ఇప్పుడు రోజులు మారాయి. మా అమ్మాయి ఆఫీసులో చేరిన మొదటి వారమే తన జబ్బు పేరు చెప్పి, ఫిట్స్ వస్తే ఏం చేయాలో కాగితం మీద రాసి పక్క సీటువాళ్ళకు ఇచ్చింది. ఇంట్లో మాత్రల డబ్బా డైనింగ్ టేబుల్ మీదే పెడుతుంది. బెల్ మోగితే చాలు, ఇప్పటికీ దాన్ని సొరుగులో పెట్టేస్తాను. అమ్మాయి వచ్చినవాళ్ళ ఎదుటే దాన్ని తీసి మళ్ళీ టేబుల్ మీద పెడుతుంది.